మత్తుమందులకు టీకా వేయవచ్చునా?

హైదరాబాదులో ముషీరాబాదు ప్రాంతమును ఎరిగినవారికి రెండు స్థలములు సుపరిచితములు. ఒకటి గాంధీ ఆసుపత్రి. పూర్వము కారాగారమున్న చోటనే నేడు ఈ ఆసుపత్రి యున్నది. రెండవది, అక్కడికి కొద్ది దూరములో, ఆర్.టి.సి. చౌరస్తాకు ఆవలనున్న అజామాబాదు పారిశ్రామిక వాడ. 1953లో స్థాపింపబడి, టీకామందులకు పేరొందిన బయలాజికల్ ఇ. సంస్థ చిరకాలముగా ఈ వాడలోనే యున్నది.

2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతపు దుకాణములలో కల్తీ కల్లు త్రాగి అనేకులు జబ్బుపడిరి, కొందరు మరణించిరి. రోగులను నిమ్స్, గాంధీ మొదలగు ఆసుపత్రులకు చేర్చిరి. కల్లు నమూనాలలో అల్ప్రజోలాము అను మందు కలిసియున్నట్లు అబ్కారీ శాఖవారు తెలిపిరి. ఒక వీధిలో మత్తుమందు వలన చెడినవారిని మంచములపై పరుండబెట్టుచుండగా, మరియొక వీధిలో వ్యాధులను రాకుండ చేయు టీకాలను తయారుచేయు సంస్థ యున్నది. మశూచికమునకు, ధనుర్వాతమునకు, టైఫాయిడునకు టీకా కలదు గదా, మత్తుమందునకు మాత్రమేల ఉండరాదు? తరగతిలో ఏ చురుకైన విద్యార్థియైనను వేయదగిన ప్రశ్న ఇది. శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను యాబది యేండ్లకు పైగా వేసికొనుచునే యున్నారు. వారికి దొరికిన సమాధానము కొంత ఆశను, కొంత నిరాశను కలిగించుచున్నది. ఆ రెంటికిని కారణము ఒక చిన్న లెక్కలో ఇమిడియున్నది. ఆ లెక్కను మనమును చేసి చూతము.

ముందుగా కల్లు సంగతి. తాటిచెట్టు నుండియో, ఈతచెట్టు నుండియో దించిన నీరా కొన్ని గంటలలో పులిసి కల్లగును. అందులోని మత్తు సారాయము వలన కలుగునది. అది బీరులో నున్నంత మాత్రమే. నగరములో త్రాగువారు లక్షలు, చుట్టుపట్ల చెట్లు కొన్ని. ఈ లోటును పూడ్చుటకు కొందరు వ్యాపారులు నీటిలో చక్కెర, శాక్రిను కలిపి, మత్తు కొరకు మందులను చేర్చుట మొదలిడిరి. తొలుత క్లోరల్ హైడ్రేటు, తరువాత డయజెపాము, ఆ తరువాత అల్ప్రజోలాము ఇట్లు వాడుకలోనికి వచ్చినవి. నగరములో కల్లు దుకాణములు 2004లో మూయబడి, 2014లో తిరిగి తెరువబడినవి. 2025 సెప్టెంబరులో బోయినపల్లిలో ఒక పాఠశాల భవనములోనే అల్ప్రజోలామును దొంగచాటుగా తయారుచేయుచుండగా పోలీసులు పట్టుకొనిరి. పిల్లలు చదువుకొను చోట ఆ పని జరుగుచుండెనని విన్నప్పుడు ఉపాధ్యాయులకు ఎట్లుండునో చెప్పనక్కరలేదు.

అల్ప్రజోలాము వైద్యములో వాడదగిన మంచి మందే. తీవ్రమైన ఆందోళన గలవారికి వైద్యులు కొలదికాలము, కొద్ది మోతాదులో దీనిని ఇత్తురు. అయితే దీనిని నెలల తరబడి ప్రతిదినము పుచ్చుకొన్న మెదడు దానికి అలవాటు పడును. మెదడులో నరకణముల అలజడిని అణచు సహజ ఏర్పాటొకటి కలదు. ఈ మందు ఆ ఏర్పాటునకు తోడుపడును. తోడునకు అలవాటైన మెదడు తన స్వంత ప్రయత్నమును తగ్గించుకొనును. ఆ స్థితిలో మందు హఠాత్తుగా ఆగిపోయినచో పగ్గములు తెగిన గుఱ్ఱము వలె నరకణములు చెలరేగును. నిద్రపట్టదు, చేతులు వణకును, చెమటలు పోయును, లేనివి కనిపించును; కొందరికి మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కూడ కలుగును. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమై సరఫరా నిలిచిపోగా, తెలంగాణ జిల్లాల నుండి ఇట్టి లక్షణములతో జనులు ఎఱ్ఱగడ్డలోని మానసిక చికిత్సాలయమునకు గుంపులుగా వచ్చిరి. కల్లు త్రాగుట వలన కాక, కల్లు దొరకకపోవుట వలన వచ్చిన జబ్బు అది. ఈ విషయమును పాఠకులు మనసులో నుంచుకొనవలెను. టీకాను గూర్చి తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు ఇది మరల అవసరమగును.

ఇక టీకా. మన రక్తములో ప్రతిరక్షకములు అను మాంసకృత్తులు కలవు. వీని ఆకారము ఆంగ్లములోని 'వై' అక్షరమును పోలియుండును. రెండు కొమ్మల చివరలను ఒక్కొక్క గుంట యుండును. శరీరములో ప్రవేశించిన పరాయి పదార్థము ఆ గుంటలో సరిగా అమరినచో ప్రతిరక్షకము దానిని పట్టుకొని వదలదు. టీకా చేయు పని ఏమనగా, శత్రువు రాకమునుపే దాని పోలికను శరీరమునకు చూపించి, తగిన గుంటలు గల ప్రతిరక్షకములను తయారుచేయించుట.

మత్తుమందు మెదడును చేరిననే మత్తు కలుగును. మెదడులోని రక్తకేశనాళికల గోడలు ఇతర అవయవములలోని వానివలె గాక, కణములు దగ్గరగా బిగిసి యుండును. నికోటిను, కొకైను, అల్ప్రజోలాము వంటి చిన్న అణువులు క్రొవ్వులో కరుగు స్వభావము గలవగుటచే ఈ గోడను సులభముగా దాటును. అల్ప్రజోలాము అణుభారము సుమారు 309. ప్రతిరక్షకపు అణుభారమో, సుమారు 1,50,000. మందు అణువు ప్రతిరక్షకమునకు చిక్కెనా, ఆ పెద్ద శరీరముతో గోడను దాటలేదు, రక్తములోనే నిలిచిపోవును. మెదడును తాకకుండ, దాని పనిని మార్చకుండ, మందును త్రోవలోనే ఆపివేయుట ఈ పద్ధతిలోని సొగసు. వ్యసనమునకు ఇచ్చు ఇతర ఔషధములలో చాలవరకు మెదడు మీదనే పనిచేయునవి.

అయితే ఇక్కడ ఒక చిక్కు కలదు. సూక్ష్మజీవి శరీరములో ప్రవేశించినప్పుడు రక్షణ కణములు దానిని గుర్తించును గాని, ఇంత చిన్న అణువును అవి లెక్కచేయవు. ఏండ్ల తరబడి పొగ త్రాగినవానికి నికోటినుపై ప్రతిరక్షకములు పుట్టకపోవుటకు కారణమిదియే. ఈ చిక్కును విప్పినవాడు రక్తవర్గములను కనుగొన్న కార్ల్ లాండ్‌స్టైనరు. చిన్న అణువును ఒక పెద్ద మాంసకృత్తునకు రసాయనికముగా అతికించి జంతువులకు సూదిమందుగా నిచ్చినచో, ఆ చిన్న అణువునకును ప్రతిరక్షకములు పుట్టునని ఆయన చూపెను. ఇట్లు ఒంటరిగా పనికిరాక, తోడుతో పనిచేయు చిన్న అణువునకు ఆయన 'హాప్టెను' అని పేరిడెను. దానిని మోయు పెద్ద మాంసకృత్తును వాహకము అందురు.

తోడు ఏల కావలెను? ప్రతిరక్షకములను తయారుచేయునవి బి-కణములు. తన గుంటలో అమరిన పదార్థమును బి-కణము లోనికి తీసికొని, ముక్కలు చేసి, ఆ ముక్కలను టి-కణములకు చూపును. టి-కణము సమ్మతించిననే బి-కణము వృద్ధిపొంది ప్రతిరక్షకములను విరివిగా చేయును. టి-కణము మాంసకృత్తు ముక్కలను మాత్రమే గుర్తించగలదు. కావున మందు అణువును బి-కణము గుర్తించును, వాహకపు ముక్కను టి-కణము గుర్తించును, పని జరిగిపోవును.

ఈ విద్య హైదరాబాదుకు క్రొత్తది కాదు. టైఫాయిడు సూక్ష్మజీవిపై పొరగా నుండు 'వి.ఐ.' అను చక్కెర పదార్థమునకు పసిబిడ్డల శరీరము సరిగా స్పందించదు. దానిని ధనుర్వాతపు టాక్సాయిడునకు అతికించి భారత్ బయోటెక్ వారు చేసిన టీకాకు 2017 చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించినది. బయలాజికల్ ఇ. వారి టైఫాయిడు టీకాకు 2020లో అదే గుర్తింపు వచ్చినది. వీరు వాడిన వాహకము సి.ఆర్.ఎం. 197, ఇది కంఠసర్పి సూక్ష్మజీవి విషమును హానిరహితముగా మార్చిన రూపము. అమెరికాలోని హ్యూస్టన్ విశ్వవిద్యాలయమువారు 2022లో ఫెంటనిల్ అను మత్తుమందుకు ఎలుకలలో పరీక్షించిన టీకాకు సరిగా ఈ సి.ఆర్.ఎం. 197నే వాహకముగా వాడిరి. చక్కెరకు బదులు మత్తుమందు; అతుకు మాత్రమే వేరు. ఆ అతుకును అణువులో ఏ మూలన వేయవలెనో నిర్ణయించుట కర్బన రసాయనజ్ఞుల పని. అతికిన వైపు ప్రతిరక్షకమునకు కనబడదు. కావున మందును దాని బంధువుల నుండి వేరుచేయు భాగము బయటకు కనబడునట్లు అతికింపవలెను. తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థ వంటి చోట్ల చిన్న అణువులతో దినదినము పెనగులాడువారికి ఇది అర్థమగు కష్టమే.

ప్రతిరక్షకములు చిన్న అణువును శరీరము నుండి నిజముగా లాగివేయగలవా యని సందేహించువారికి ఒక నిదర్శనము కలదు. గుండెజబ్బుకు ఇచ్చు డిజాక్సిను మోతాదు మించినప్పుడు విరుగుడుగా, గొఱ్ఱెలలో పుట్టించిన ప్రతిరక్షకముల ముక్కలను సూదిమందుగా ఇత్తురు. మన పల్లెలలో పచ్చగన్నేరు కాయలు తిని ప్రాణము తీసికొనువారు ఇప్పటికిని కలరు. ఆ కాయలోని విషము డిజాక్సినును పోలినది. శ్రీలంకలో జరిగి, 2000లో ప్రకటింపబడిన పరీక్షలో అదే విరుగుడు పచ్చగన్నేరు విషమునకును పనిచేసినది. ఒక అణువు కొరకు చేసిన ప్రతిరక్షకము దాని దగ్గరి బంధువును కూడ పట్టగలదనుటకు ఇది చక్కని ఉదాహరణము. ఈ గుణము మంచికిని రావచ్చును, చెడుకును రావచ్చును.

మత్తుమందు టీకాలలో మొదట ప్రసిద్ధికెక్కిన ప్రయోగము 1974లో అమెరికాలో జరిగినది. మీట నొక్కినప్పుడెల్ల హెరాయిను రక్తములోనికి వచ్చునట్లు అమర్చగా, ఒక రీససు కోతి దానికి అలవాటుపడినది. ఆ కోతికి ఒక మాంసకృత్తునకు అతికించిన మార్ఫినును టీకాగా నిచ్చిరి. కొంతకాలమునకు అది హెరాయిను కొరకు మీట నొక్కుట తగ్గించినది. కాని కొకైను కొరకు మునుపటివలెనే నొక్కుచుండెను! టీకా కోరికను చంపలేదు, ఒక మందును మాత్రమే అడ్డగించినది. ఈ విషయమున ఆ తరువాతి యాబది యేండ్ల పరిశోధన అంతయు ఆ ఒక్క కోతి చెప్పినదానికి వ్యాఖ్యానమని నాకు తోచును.

ఇప్పుడు లెక్క. ఒక ప్రతిరక్షకపు అణువు రెండు మందు అణువులను పట్టును. కావున 1,50,000ను మందు అణుభారమునకు రెట్టింపుతో భాగించినచో, ఒక మిల్లీగ్రాము మందును పట్టుటకు ఎన్ని మిల్లీగ్రాముల ప్రతిరక్షకము కావలెనో తెలియును. అల్ప్రజోలామునకు ఈ సంఖ్య సుమారు 243. అనగా అర మిల్లీగ్రాము మాత్రకు 121 మిల్లీగ్రాముల ప్రతిరక్షకము చాలును. నికోటిను అణుభారము 162. దానికి సంఖ్య 463. ఒక సిగరెట్టు నుండి సుమారు ఒక మిల్లీగ్రాము నికోటిను రక్తములో చేరును. దినమునకు ఇరువది కాల్చువానికి తొమ్మిది గ్రాములకు పైగా ప్రతిరక్షకము కావలెను. క్లోరల్ హైడ్రేటు అణుభారము 165. కాని అది గ్రాము చొప్పున పనిచేయు మందు. ఒక గ్రామునకు 453 గ్రాముల ప్రతిరక్షకము కావలెను! ఇక సారాయము అణుభారము 46 మాత్రమే. ఒక సీసా కల్లులో సుమారు 20 గ్రాముల సారాయ ముండునని అనుకొన్నచో, దానిని పట్టుటకు కావలసిన ప్రతిరక్షకము 32 కిలోగ్రాములకు పైగా తేలును. అది ఒక ఏడవ తరగతి బాలుని బరువు. త్రాగుడుకు ఈ జాతి టీకా ఎన్నటికిని సాధ్యము కాదని చెప్పుటకు ప్రయోగశాల అక్కరలేదు, పలక బలపము చాలును.

మరి రక్తములో ఎంత ప్రతిరక్షకముండును? పెద్దవారి రక్తరసము సుమారు మూడు లీటర్లు. అందులో అన్ని జాతుల ప్రతిరక్షకములు కలిసి సుమారు 30 గ్రాములు. అది మనము ఎదుర్కొన్న సమస్త సూక్ష్మజీవులకును కలిపి. టీకా వలన ఒక్క మందుపై పుట్టునది అందులో మిక్కిలి స్వల్పభాగము. కొకైను టీకా పరీక్షలలో మంచి స్పందనగా నిర్ణయించిన మట్టము మిల్లీలీటరుకు 43 మైక్రోగ్రాములు. మూడు లీటర్లకు 129 మిల్లీగ్రాములు. ఇది పట్టగల కొకైను సుమారు అర మిల్లీగ్రాము. వ్యసనపరుడు ఒక పర్యాయమునకు పదుల మిల్లీగ్రాములు వాడును!

ఇంత తేడా యున్నప్పుడు టీకా ఏ కొంచెమైనను ఎట్లు పనిచేసెను? మందు రక్తములో చేరగానే కండరములకు, క్రొవ్వునకు వ్యాపించును. ఏ క్షణమునందైనను రక్తములో నుండునది కొద్దిభాగమే. పైగా కొకైను ఇచ్చు ఉల్లాసము మెదడును అది ఎంత వేగముగా చేరునను దానిపై ఆధారపడియుండును. ప్రతిరక్షకములు మొదటి ఉరవడిని మందగింపజేయును. ఈలోగా ఎంజైములు మందును విడగొట్టుచుండును. ప్రవాహమునకు పూర్తిగా ఆనకట్ట వేయకపోయినను, వేగము తగ్గించు గట్టు వంటిది ఈ టీకా.

మనుష్యులలో జరిగిన పరీక్షలు ఈ లెక్కనే అక్షరాల చూపినవి. 2009లో ప్రకటింపబడిన కొకైను టీకా పరీక్షలో 115 మంది పాల్గొనిరి. పన్నెండు వారములలో ఐదు సూదిమందులు ఇచ్చిరి. టీకా పొందినవారిలో నూటికి 38 మందికి మాత్రమే పైన చెప్పిన మట్టమునకు ప్రతిరక్షకములు వచ్చినవి. వారి మూత్రపరీక్షలలో కొకైను లేనివి నూటికి 45; మిగిలినవారిలో 35. ఆ మేలు కూడ రెండు నెలలకే తరిగిపోయినది. అంతకంటె గమనింపదగినది మరియొకటి. కొందరు మత్తు ఎక్కక, మునుపటి కంటె అనేక రెట్లు కొకైను కొని వాడిరి. గుంటలన్నిటిని నింపివేసినచో మిగిలినది మెదడుకు చేరునని వారికి ఏ రసాయనజ్ఞుడును చెప్పలేదు, అనుభవముతోనే గ్రహించిరి. తరువాత ఆరు కేంద్రములలో 300 మందితో జరిగి, 2014లో ప్రకటింపబడిన పరీక్ష మొత్తము మీద విజయము పొందలేదు.

పొగాకు సంగతియు అంతే. నిక్‌వాక్స్ అను నికోటిను టీకాను 301 మంది పొగత్రాగువారికి ఇచ్చి చూడగా, ప్రతిరక్షకములు బాగుగా పుట్టినవారు మిగిలినవారి కంటె ఎక్కువగా పొగ మానిరి. పత్రికలు దీనిని గొప్పగా వర్ణించినవి. 2011లో ఒక్కొక్కటి సుమారు వేయి మందితో జరిగిన రెండు పెద్ద పరీక్షలు ముగిసినవి. టీకా పొందినవారిలోను, ఉత్త సూది పొందినవారిలోను మానినవారు సమానముగా నూటికి 11 మందే! బాగుగా స్పందించినవారిని మాత్రమే ఏరి చూచిన ఫలితమునకును, అందరిని కలిపి చూచిన ఫలితమునకును గల భేదమును గణితోపాధ్యాయులు ఈ ఉదాహరణముతో చెప్పిన విద్యార్థులు మరువరు.

ఇన్ని ఓటముల తరువాత కూడ పరిశోధకులు దీనిని వదలకపోవుటకు కారణము, మత్తుమందుల స్వభావమే మారుచుండుట. ఫెంటనిల్ వంటి మందులు మిల్లీగ్రాములో పదవ వంతుతోనే పనిచేయును; రెండు మిల్లీగ్రాములు ప్రాణము తీయగలవు. మందు ఎంత తీవ్రమైనదైన, అంత తక్కువ అణువులు. అంత తక్కువ ప్రతిరక్షకము చాలును. విషము తీవ్రమైన కొలది టీకా లెక్క సులభమగుట విచిత్రమే గాని నిజము. ఇచ్చట ఆశయము కోరికను మాన్పుట కాదు. పొరపాటున ఎక్కువ పుచ్చుకొన్నవాడు ఊపిరి ఆగి చావకుండ కాపాడుట. 2017లో హెరాయిను టీకా కోతులలో కొంత ఫలించినట్లు అమెరికాలోని స్క్రిప్స్ సంస్థవారు ప్రకటించిరి. ఆక్సికోడోను అను నొప్పిమందుకు చేసిన టీకా 2021లో మనుష్యులపై పరీక్షకు వచ్చినది. బ్రెజిలులో కొకైనుకు మాంసకృత్తు వాహకము లేకయే 'కాలిక్స్‌కోకా' అను టీకాను రూపొందించిరి. 2023లో దానికి అంతర్జాతీయ బహుమానము కూడ లభించినది. ఇవి ఇంకను వైద్యుల చేతికి రాలేదు.

మరల మన కల్లుకు వత్తము. అల్ప్రజోలామునకు లెక్క అనుకూలముగా కనబడినది గదా: అర మిల్లీగ్రామునకు 121 మిల్లీగ్రాములు, మంచి స్పందన గలవానికి రక్తములో నుండునది 129. సరిగా ఒక్క మాత్రకు సరిపోయినది. అయితే వ్యసనపరుడు ఒక సీసాతో ఆగడు. ప్రతిరక్షకము మందును పట్టునే గాని నాశనము చేయదు. ప్రతిరక్షకమునకు అంటుకొన్నంత కాలము మందు కాలేయమునకు కూడ చిక్కదు. గుంటలు నిండియే యుండును. ఉదయము తార్నాక వద్ద ఆగిన బస్సులో చోటు లేనట్లు, రెండవ సీసాలోని మందుకు ప్రతిరక్షకములలో చోటుండదు. పైగా ఈ మందు కొకైనువలె క్షణములో మెదడుకు ఎక్కునది కాదు. కడుపు నుండి గంట రెండు గంటలలో నెమ్మదిగా చేరునది. ఉరవడిని తగ్గించుట వలన కలుగు లాభము ఇక్కడ స్వల్పము.

అసలు అపాయము వేరొకచోట నున్నది. మందుకు అలవాటుపడిన మెదడు నుండి మందును హఠాత్తుగా లాగివేసినచో ఏమగునో 2015లో చూచితిమి. ఈ జాతి మందులకు ఫ్లుమాజెనిల్ అను విరుగుడు ఉన్నది. దీర్ఘకాలము అలవాటున్నవారికి దానిని ఇచ్చినప్పుడు మూర్ఛలు వచ్చుట వైద్యులు ఎరుగుదురు. సిద్ధముగా తయారైన ప్రతిరక్షకములను ఒక్కసారిగా రక్తములోనికి ఎక్కించినచో అదే భయము. టీకా వలన పుట్టు ప్రతిరక్షకములు వారముల మీద నెమ్మదిగా పెరుగును గనుక అపాయము తక్కువే. కాని ఆ వారములలో రోగి మత్తు చాలక మరియొక సీసా అడుగును. ఇంకొక మాట. కల్లు మానినవారి వణకును, మూర్ఛలను అణచుటకు వైద్యులు వాడునది డయజెపాము. అది అల్ప్రజోలామునకు దగ్గరి బంధువు. దానిని మోతాదు దినదినము తగ్గించుచు ఇత్తురు. పచ్చగన్నేరు విషయమున వరమైన బంధుగుణము ఇక్కడ శాపము కావచ్చును: అల్ప్రజోలాము కొరకు పుట్టిన ప్రతిరక్షకము, ప్రాణము నిలుపవలసిన డయజెపామును కూడ పట్టుకొన్నచో? ఆ మనిషికి ఏడాది తరువాత మూర్ఛరోగము వచ్చినను, శస్త్రచికిత్సకు ముందు ఇట్టి మందు ఇయ్యవలసి వచ్చినను అదే చిక్కు. మాత్రను మానివేయవచ్చును; వేసిన టీకాను వెనుకకు తీసికొనలేము. నల్లమందు జాతి టీకాలకును ఈ అభ్యంతరము కలదు. ప్రమాదములో కాలు విరిగినవానికి మార్ఫిను పనిచేయకపోయినచో వాని బాధ ఎవరు తీర్తురు? మార్ఫినును పట్టుచు, మెథడోను, బ్యూప్రనార్ఫిను వంటి చికిత్సా ఔషధములను పట్టని ప్రతిరక్షకములను పుట్టించుటకు పరిశోధకులు చేయుచున్న శ్రమ ఇందుకొరకే.

దీనికి సరిగా ఎదురైన కష్టమును కల్లు వ్యాపారియే తెచ్చిపెట్టగలడు. క్లోరల్ హైడ్రేటు దొరకనప్పుడు డయజెపాము, అది కష్టమైనప్పుడు అల్ప్రజోలాము వచ్చినవి గదా. ప్రతిరక్షకము ఎంత నిక్కచ్చియైనదైన, దానిని తప్పించుకొనుట అంత సులభము. మీసాలోని మందును మార్చుట వ్యాపారికి ఒక్క రాత్రి పని. క్రొత్త టీకాను చేయుటకు శాస్త్రజ్ఞునికి పదేండ్లు. 1974 నాటి కోతి మీటను మార్చినట్లే యిది.

ఈ కారణములచే, త్రాగుచున్నవానికి టీకా వేసి మాన్పింతుమను మాట ఎవరైన చెప్పినచో నమ్మరాదని నా అభిప్రాయము. టీకాకు తగిన సమయము వేరు. ఎఱ్ఱగడ్డ వంటి చోట వైద్యుల పర్యవేక్షణలో మందును క్రమముగా తగ్గించి, శరీరము తేరుకొన్న తరువాత, మానవలెనని తానే నిశ్చయించుకొన్న మనిషి ఇంటికి పోవును. వీధి మలుపులో కల్లు కాంపౌండు ఉండును. పాత స్నేహితులు ఉందురు. ఒకనాడు కాలు జారును. ఆ మొదటి సీసా మునుపటి సుఖమును ఇయ్యనిచో రెండవనాడు పోకుండ నిలబడుటకు అవకాశము కలదు. ఆ ఒక్క మాత్రపాటి లెక్కకు టీకా సరిపోవునని పైన చూచితిమి. ఇంత చిన్న పనికి ఇంత శ్రమయా యని కొందరనవచ్చును. మానినవారిలో చాలమంది మరల పడునది ఆ మొదటి జారుపాటు వద్దనే యని ఎరిగినవారు అట్లనరు.

తల్లిదండ్రులు కొందరు మరియొక ప్రశ్న వేయుదురు: పిల్లలకు ముందే వేసిన పోలేదా? పోలియో టీకాతో దీనిని పోల్చరాదు. పోలియో చుక్కలు వేసికొన్న బిడ్డ వలన ప్రక్క బిడ్డకును రక్షణ కలుగును. మత్తుమందు టీకాకు ఆ గుణము లేదు. రక్షణ కొద్ది నెలలే. మరల మరల పొడువవలెను. అన్నిటికంటె, టీకా వేసికొన్నాను గదా యని ధైర్యముతో రుచి చూచు కుఱ్ఱవాడు మత్తు ఎక్కుటలేదని మోతాదు పెంచినచో, లేని అపాయమును మనమే కల్పించినట్లగును. మరియు రక్తములో కొకైను ప్రతిరక్షకములున్న మనిషి వ్యసనపరుడని పరీక్షలో బయటపడును. ఉద్యోగమిచ్చువాడు, పెండ్లి సంబంధము చూచువాడు ఆ కాగితమును చూడకుండ ఎవరు కాపాడవలెను? రోగి సమ్మతి లేనిదే, న్యాయస్థానపు బలవంతముతోనో, తండ్రి కోపముతోనో వేయదగిన సూదిమందు కాదిది.

హెచ్చు తరగతుల ఉపాధ్యాయులు విద్యార్థులచే ఈ లెక్కను చేయింపవచ్చును. ఫెంటనిల్ అణుభారము 336. మిల్లీగ్రాములో పదవ వంతు మందును పట్టుటకు ఎంత ప్రతిరక్షకము కావలెను? సుమారు 22 మిల్లీగ్రాములు వచ్చిన లెక్క సరియైనది. తరువాత రెండు మిల్లీగ్రాములకు అదే లెక్క చేయించి, వచ్చిన 446 మిల్లీగ్రాములను కొకైను టీకా మంచి ఫలితమైన 129తో పోల్చుమని అడుగవలెను. ప్రతిరక్షకములు ఎన్ని రెట్లు పెరుగవలెనో, ఒక్కొక్క సూదిమందుకు ఎంత పెరుగుచున్నదో చూచి, ఏ టీకా పరీక్షకు నిలుచునో విద్యార్థులే ఊహింపగలరు.